ఎర్ర బాణం

కుట్టు ఫ్యాక్టరీలో ఆమెను అందరూ భూతద్దం అనేవారు. ముఖాన కాదు. ముఖాన మాత్రం అక్కయ్య. ట్యూబులైటు కింద చెకింగు బల్ల దగ్గర నిలబడి, కుట్టిన చొక్కాలను తిరగేసి బోర్లేసి చూసి, దారం తెగినచోటా కుట్టు జారినచోటా మరక పడినచోటా చిన్న ఎర్ర బాణం స్టిక్కరు అంటించడం ఆమె పని. ఇరవై రెండేళ్లుగా అదే పని. బాణం మొన సరిగ్గా తప్పు వైపే ఉండాలి, వేలెడు పక్కకు జరిగితే సరిచేసేవాళ్లు దాని కోసం వెతుక్కోవాలి. ఆమె బాణం ఏనాడూ గురి తప్పలేదని సూపర్‌వైజరు కొత్తగా చేరినవాళ్లకు చెప్పుకునేవాడు. లోకంలోని చొక్కాలన్నిటి తప్పులూ చూపించగల ఆ మనిషి, తన ఒంట్లో బాధ ఎక్కడుందో చూపించలేక మూడేళ్లు నానా అగచాట్లూ పడింది.

మొదలైంది దురదతో. భర్త పోయిన ఐదేళ్లకు, ఆమెకు యాభై రెండో ఏడు నడుస్తుండగా వచ్చింది. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగింది, సబ్బు మార్చింది. తగ్గలేదు సరికదా, కూర్చుంటే మంట, నిలబడితే దురద, మూత్రానికి వెళితే కారం పూసినట్టు ఉండేది. ఒంటి మీద ఇంకెక్కడైనా దురద పుడితే గోక్కోవచ్చు. నలభై మంది మధ్య, వెలుతురు కింద, బల్ల దగ్గర నిలబడి ఆ చోట ఎలా గోక్కుంటారు? తేలు కుట్టిన దొంగలా పళ్లు బిగబట్టి చొక్కాలు చూసేది. టీ విరామంలో అందరూ క్యాంటీన్‌కు పోతే ఆమె బాత్రూముకు పోయేది.

ఇక్కడ ఒక్క మాట చెప్పుకోవాలి. మన భాషలో చిటికెన వేలికి పేరుంది, ముక్కుదూలానికి పేరుంది, మోకాలి చిప్పకూ పేరుంది. ఆ చోటుకు మాత్రం మర్యాదస్తుల నోట్లో పేరు లేదు. ఉన్నవి రెండు రకాలు. ఒకటి వీధి తగాదాల్లో పనికొచ్చే తిట్టు, రెండోది పుస్తకాల్లో ఉండే సంస్కృతం. తిట్టు నోటికి రాదు, సంస్కృతానికి నాలుక తిరగదు. అందుకని ఆడవాళ్లంతా 'అక్కడ' అని సరిపెట్టుకుంటారు. అక్కడ అంటే ఎక్కడో తల్లికి తెలుస్తుంది, అక్కాచెల్లెళ్లకు తెలుస్తుంది. మందుల షాపు వాడికి ఎలా తెలుస్తుంది?

మందుల షాపు వాడు ఎక్కడమ్మా దురద అని అడిగితే "చేతి మీద" అని చెప్పింది. చేతికని ఇచ్చిన ట్యూబును చేతికి కాక అక్కడ రాసుకుంది. నాలుగు రోజులు చల్లగా ఉంది. ఐదో రోజు దురద రెట్టింపు కసి తీర్చుకుంది. మళ్లీ ట్యూబు, మళ్లీ నాలుగు రోజులు. ఆరు ట్యూబులయ్యాక ఆ షాపు వాడే విసిగి, "ఆ చెయ్యి ఓసారి డాక్టరుకు చూపించండమ్మా" అన్నాడు. చూపించడానికి చేతికి ఏమీ లేదు.

చివరికి వీధి చివర క్లినిక్కుకు వెళ్లింది. అక్కడ డాక్టరు లోపల కూర్చుంటాడు, కాంపౌండరు గుమ్మం దగ్గర కూర్చుని వచ్చినవాళ్ల బాధ చీటీ మీద రాసి లోపలికి పంపుతాడు. ఆమె వెనక ఏడెనిమిది మంది వరసలో ఉన్నారు. వాళ్లలో కొడుకు స్నేహితుడు కూడా ఉన్నాడు.

"ఏంటమ్మా బాధ?" అన్నాడు కాంపౌండరు, తలెత్తకుండా.

ఆమె బల్ల మీదికి వంగి, లోగొంతుకతో, "గజ్జల్లో దురదండీ" అంది.

గజ్జల్లో అన్నదే ఆమె చేసిన మహా సాహసం. అది కూడా అసలు చోటుకు జానెడు దూరం. కాంపౌండరు చెవికి సగమే చేరింది. 'గజ్జి, దురద' అని రాసి చీటీ చింపాడు. లోపల డాక్టరు చీటీ చూశాడు, ఆమె ముఖం చూశాడు. అంతకన్నా చూడాల్సింది లేదన్నట్టు సీసా పేరు రాసి, "గజ్జి అంటుకుంటుందమ్మా. ఇంట్లో అందరూ మెడ నుంచి పాదాల దాకా పూసుకుని పొద్దున కడుక్కోవాలి. దుప్పట్లు మరిగే నీళ్లలో వేయండి" అన్నాడు.

ఆమె నోరు తెరిచింది. గజ్జి కాదండీ అని చెప్పబోయింది. కాకపోతే మరేమిటి, ఎక్కడ అని అడుగుతాడు. తలుపు తెరిచే ఉంది, కొడుకు స్నేహితుడు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. గజ్జి చేతికి వస్తుంది, కాలికి వస్తుంది, పిల్లలకు బడిలో వస్తుంది. అసహ్యించుకుంటారేమో కానీ అనుమానించరు. ఏళ్ల తరబడి మొగుడు లేని ఆడదానికి అక్కడ జబ్బేమిటని లోకానికి ఒక్క క్షణం తోస్తే చాలు. ఆమె తెరిచిన నోరు మూసుకుని చీటీ తీసుకుంది.

ఆ రాత్రి ఇంటిల్లిపాదీ తెల్లటి మందు పూసుకున్నారు. కొడుకు కరెంటు పనివాడు, సరదా మనిషి. "కొత్తగా సున్నాలు వేసిన ఇల్లులా ఉన్నాం" అని నవ్వాడు. తొమ్మిది నెలల మనవరాలికి మాత్రం నవ్వు రాలేదు. మందు పడక ఒళ్లంతా ఎర్రగా కందిపోయి తెల్లార్లూ గుక్కపట్టి ఏడ్చింది. రెండు వారాలకు మళ్లీ పూయాలన్నారు, పూశారు. ఇంట్లో ఎవరికీ లేని గజ్జి ఎవరికీ రాలేదు. ఆమెకున్నది అలాగే ఉంది.

కోడలు చెడ్డది కాదు. అది చెప్పకపోతే పాపం. ఒకరోజు తలుపు దగ్గర నిలబడి, చెప్పలేక చెప్పలేక చెప్పింది.

"అత్తయ్యా, ఏమీ అనుకోకండి. మీది తగ్గేదాకా పాపను ఎత్తుకోకండి. దాని ఒళ్లు ఇంకోసారి ఆ మందు తట్టుకోదు."

"నేనే చెబుదామనుకుంటున్నానమ్మాయ్" అంది ఆమె.

అలా కిటికీ పక్కన నీలం ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఆమెదైంది. దాని మీద ఆమె తువ్వాలు, దానికి అవతల ఆమె మంచం. కోడలు పళ్లెం వేరు చేయలేదు, మాట వేరు చేయలేదు. పాపను ఒక్కదాన్నే వేరు చేసింది. అంతకుముందు ఫ్యాక్టరీ నుంచి వచ్చి చేతులు కడుక్కుని కూర్చోగానే పాప ఆమె ఒడిలో పడేది, ఆమె బొటనవేలు పట్టుకుని నిద్రపోయేది. రోజంతా నిలబడిన కాళ్ల నొప్పి ఆ బరువుతో తీరిపోయేది. ఇప్పుడు ఆమె కుర్చీలో ఉంటుంది, పాప గదికి అవతల ఉంటుంది. మధ్యలో గచ్చు పలకలు.

తగ్గేదాకా అన్నారు. గజ్జి అయితే కదా తగ్గడానికి. నెలలు గడిచాయి. పాప నడక నేర్చి మొట్టమొదట నానమ్మ వైపే తప్పటడుగులు వేసింది. మూడో పలక దగ్గర కోడలు చెయ్యి వచ్చి వెనక్కి లాగింది. "నానమ్మకు గజ్జి తల్లీ, తగ్గాక వెళ్దువు" అంది. రోజుకు పదిసార్లు అదే మాట. పసిపిల్లలు చెప్పింది నేర్చుకుంటారు. అమ్మ, పాలు, ఆ తర్వాత మూడో మాట వచ్చింది. కుర్చీ వైపు వేలు చూపించి, ముద్దుగా, "దజ్జి" అంది.

కొడుకు పకపకా నవ్వాడు. కోడలు కసిరింది. ఆమె కూడా నవ్వి, స్నానాల గదిలోకి వెళ్లి నల్లా తిప్పి, నీళ్ల చప్పుడు చాటున చాలాసేపు ఏడ్చింది. నిజం చెబితే ఒక్క మాటతో తీరేది. ఆమె దగ్గర లేనిది ఆ ఒక్క మాటే.

చెప్పలేనప్పుడు పోగొట్టాలి కదా. కడిగితే పోతుందనుకుంది. సబ్బు పోయి క్రిమిసంహారకం వచ్చింది, అందులో నీళ్లు రోజురోజుకూ తగ్గాయి. ఉదయం, సాయంత్రం, నిద్రపోయే ముందు కడిగేది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు చర్మం పగిలి, లోపలి బట్టల మీద నెత్తురు చుక్కలు కనబడసాగాయి. బస్సు దిగి ఫ్యాక్టరీ గేటు దాకా నడవడం కూడా శిక్ష అయింది. నడక చూసి అడిగినవాళ్లకు మోకాళ్ల నొప్పులని చెప్పేది.

ఒకరోజు మరకలాయన ఒక చొక్కా పట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. ఆమె బాణం వేసి 'మరక' అని చీటీ పెట్టిన బట్టల మీద మందు చిమ్మి, బ్రష్షుతో రుద్ది మరక తీయడం ఆయన పని. రిటైరు కావడానికి ఏడాది ఉన్న నిదానస్తుడు. చొక్కా జేబు కింద వేలు దూరేంత చిల్లు ఉంది. చిల్లు పక్కన ఆమె బాణం.

"అక్కయ్యా, మీరు మరకన్నారు, నేను రుద్దాను. పోలేదు. ఇంకాస్త ఘాటు మందేసి రుద్దాను. ఆఖరికి బట్ట చిరిగింది. చూస్తే అది మరకే కాదు, నేతలోనే దారం తేడా."

"చూడకుండా ఎందుకు రుద్దావయ్యా?"

"మీ చీటీ ఉండగా నేను చూడటమెందుకు?"

ముందు రోజు మంట భరించలేక ఒంటి కాలి మీద నిలబడి చూసిన చొక్కా అది. ఇరవై రెండేళ్లలో మొదటి తప్పు బాణం. ఆయన తిడతాడేమోనని చూసింది, ఆయనకు తిట్టాలని లేదు. "నేత తప్పును కడిగితే పోతుందా అక్కయ్యా, బట్ట పోతుంది గానీ" అనుకుంటూ చొక్కా అక్కడే వదిలి వెళ్లిపోయాడు. ఆమె ఆ చిల్లులోకి వేలు పోనిచ్చి చాలాసేపు అలాగే నిలబడింది.

ఆ సాయంత్రం స్నానాల గది తలుపు గడియ పెట్టి, కొడుకు గడ్డం గీసుకునే అద్దం కింద పెట్టి, ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన భూతద్దం చేత పట్టుకుని మొదటిసారి చూసుకుంది. మూడేళ్లుగా మందు రాసిన చోటు, కడిగిన చోటు. ఒక్కసారి కూడా చూడని చోటు. ఎర్రగా కందిపోయి ఉంటుందనుకుంది. తెల్లగా ఉంది. ఉతికి ఉతికి పల్చబడిన పాత బట్టలా తెల్లగా, మెరుస్తూ, ముడతలుపడి, అంచుల్లో చీలికలతో ఉంది. కొంత భాగం అసలు ఆకారంలోనే లేదు. ప్రాణం తీసే రోగమేమోనని ఆమెకు భయం వేసింది. విచిత్రమేమిటంటే, సిగ్గు వేయలేదు.

మర్నాడు సెలవు పెట్టి పెద్దాసుపత్రిలో చర్మాల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. నెరిసిన జుట్టు, కళ్లజోడు నెత్తి మీదికి ఎత్తి పెట్టుకుని ఉంది. తలుపు మూసి, ఎదురుగా కూర్చోబెట్టి అడిగింది.

"చెప్పండమ్మా, ఎక్కడ?"

"గజ్..." అని ఆగిపోయింది. ఆ మాటను ఇంకోసారి నమ్మే ధైర్యం లేదు. అక్కడండీ అనబోయింది, అదీ రాలేదు. గోడకు ఆడమనిషి శరీరం బొమ్మ వేలాడుతోంది, లోపలి అవయవాలతో సహా, ఎక్కడిదక్కడ. ఆమె లేచి, సంచిలోంచి స్టిక్కర్ల చుట్ట తీసి, ఒక ఎర్ర బాణం ఊడదీసి, బొమ్మ మీద అంటించింది. అలవాటు ప్రకారం మొన సరిచూసుకుంది. వచ్చి కూర్చుంది.

డాక్టరమ్మ బొమ్మను చూసింది, ఆమెను చూసింది.

"ఏం పని చేస్తారమ్మా?"

"కుట్టు ఫ్యాక్టరీలోనండీ. చెకింగు."

"అదీ సంగతి. నా సర్వీసులో ఇంత కచ్చితంగా చెప్పినవాళ్లు లేరు. ఆ మంచం మీద పడుకోండి, చూస్తాను."

చూస్తాను అన్న ఆ మాటకే ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

చూడటం ఐదు నిమిషాలు పట్టింది. చేతులు కడుక్కుని వచ్చి డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. ఇది గజ్జి కాదు, తామర కాదు, శుభ్రం లేక వచ్చింది కాదు. ఒంటిని కాపాడాల్సిన బలమే దారితప్పి సొంత చర్మం మీద తిరగబడే జబ్బు. ఈ వయసు ఆడవాళ్లకు వస్తుంటుంది, చాలామంది చెప్పుకోరు.

"ఎవరి నుంచైనా... వచ్చిందా అండీ?" అని అడిగింది, నేల చూస్తూ.

"ఎవరి నుంచీ రాలేదమ్మా. ఎవరికీ పోదు."

"పసిపిల్లను ఎత్తుకోవచ్చా?"

"ఎందుకు ఎత్తుకోకూడదు?" అని డాక్టరమ్మ తెల్లబోయింది.

సబ్బులూ క్రిమిసంహారకాలూ ఈరోజుతో బంద్ అంది డాక్టరమ్మ. ఘాటైన మలాం ఒకటి రాసిచ్చి, వేలి కొసన ఎంత తీసుకోవాలో చూపించి, ఒక నెల రోజూ రాత్రి, తర్వాత రోజు విడిచి రోజు, ఆ తర్వాత వారానికి రెండుసార్లు అని చెప్పింది.

"రాసుకుంటే పోతుందా అండీ?"

"దురద పోతుంది, మంట పోతుంది. జబ్బు అదుపులో ఉంటుంది. మొత్తం పోతుందని అబద్ధం చెప్పను. మారిన ఆకారం వెనక్కి రాదు. ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. ఎప్పుడైనా పుండు పడి మానకపోతే ఆ ఆరు నెలలూ ఆగకండి." మందుల చీటీ అందిస్తూ, "మూడేళ్లు ఎందుకు ఊరుకున్నారమ్మా?" అంది.

"ఎవరూ చూస్తామనలేదండీ" అంది ఆమె. నిజానికి ఎవరైనా చూస్తామని ఉంటే ఆమే లేచి పారిపోయి వచ్చేది. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

ఇంటికి వచ్చేసరికి కోడలు ఆరిన బట్టలు మడతపెడుతోంది. పాప గచ్చు మీద గిన్నెల మూతలతో ఆడుకుంటోంది. ఆమె తన నీలం కుర్చీలో కూర్చుంది.

"అమ్మాయ్, నాకు గజ్జి లేదు."

"తగ్గిందా అత్తయ్యా?" కోడలి ముఖం ఒక్కసారిగా విప్పారింది.

అవునంటే చాలు. పాము చావదు, కర్ర విరగదు. ఈ క్షణమే పాప ఒడిలోకి వస్తుంది. ఆ అవును అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ రేపు మలాం ట్యూబు కనబడుతుంది, ఆరు నెలలకోసారి ఆసుపత్రి ఉంటుంది, ఎప్పుడో మళ్లీ దురద పుడుతుంది, మళ్లీ ఈ కుర్చీయే దిక్కవుతుంది. అదీగాక ఆమె ఒక తప్పు బాణం వేసి రెండు రోజులే అయింది.

"తగ్గడం కాదమ్మాయ్. ఎప్పుడూ లేదు. నేను గజ్జల్లో అన్నాను, వాడు గజ్జి అని రాశాడు. అసలు గజ్జల్లో కూడా కాదు. మూత్రం పోసుకునే చోట."

చెప్పేసింది. ఇల్లు కూలలేదు. వీధిలో ఎవడో హారను మోగించుకుంటూ పోయాడు. మొదలుపెట్టాక ఇక ఆగలేదు. చేతికని తెచ్చిన ట్యూబులు, కడిగిన కడుగుళ్లు, అద్దంలో చూసుకున్నది, డాక్టరమ్మ అన్నది, అన్నీ చెప్పింది. కోడలి చేతిలో చొక్కా సగం మడతలో ఆగిపోయింది.

"ఏడాది అత్తయ్యా" అంది చివరికి. కోడలి గొంతులో జాలి లేదు, కోపం ఉంది. "లేని రోగానికి చంటిదాని ఒళ్లంతా ఆ మందు పూశాం. మిమ్మల్ని దూరంగా కూర్చోబెట్టి రోజూ పాపం మూటగట్టుకున్నాను. ఒక్క మాట చెబితే ఏం పోయేది?"

"పరువు పోతుందనుకున్నాను."

"గజ్జి అంటే పోలేదా?"

"తక్కువ పోతుందనుకున్నాను."

కోడలికి నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. చొక్కాతోనే ముఖం తుడుచుకుని, "పాపా, నానమ్మ దగ్గరికి వెళ్లు తల్లీ" అంది.

పాప లేచింది. మూత ఒకటి చేత్తో పట్టుకుని మూడో పలక దాకా వచ్చి, అక్కడ ఆగింది. ఇప్పుడు ఎవరి చెయ్యీ లాగనక్కర్లేదు, దానికే తెలుసు. కుర్చీ వైపు వేలు చూపించి, "దజ్జి" అంది.

"లేదమ్మా, గజ్జి లేదు" అంది ఆమె, చేతులు చాచి. పాప తల అడ్డంగా ఊపి వెనక్కి వెళ్లి తల్లి మోకాలు పట్టుకుంది. ఆమె చాచిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒడిలో పెట్టుకుంది.

"లేవండి అత్తయ్యా" అంది కోడలు. ఆమె లేచింది. కోడలు వచ్చి ఆ నీలం కుర్చీలో, ఆ తువ్వాలు మీద కూర్చుని, "చూడు తల్లీ, అమ్మ కూర్చుంది" అంది. పాప ముఖం భయంతో వంకరపోయింది. పరుగెత్తుకొచ్చి తల్లి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, కుర్చీలోంచి బయటికి లాగసాగింది. అచ్చం తల్లి తనను లాగినట్టే. "దజ్జి, అమ్మా, దజ్జి" అని ఏడుస్తూ లాగింది. కోడలు లేచి దాన్ని ఎత్తుకుని, గోడ వైపు తిరిగింది.

ఆ ఇంట్లో అంత గట్టిగా నిలబడిన అబద్ధం ఇంకొకటి లేదు. దాన్ని నిలబెట్టింది ఆమే. ఏడుపు సద్దుమణిగి పాపను కిందికి దించేదాకా ఆగి, సంచిలోంచి స్టిక్కర్ల చుట్ట తీసింది. నాలుగో పలక మీద, నేల మీద కూర్చుని, పాపకూ తనకూ మధ్య ఉన్న మూడో పలక మీద ఒక ఎర్ర బాణం అంటించింది, మొన తన వైపు ఉండేలా. ఇంకొకటి తన మోకాలి మీద అంటించింది.

ఎర్రవి, అంటుకునేవి. ఏ పిల్లకు వద్దు? పాప ముక్కు ఎగబీలుస్తూ వచ్చి, పలక మీది బాణాన్ని గోరుతో పెకిలించి తీసి, తన చొక్కాకు అంటించుకుంది. మోకాలి మీద ఉన్నదాన్ని చూసింది. తల్లిని చూసింది. కోడలు చేతులు కట్టుకుని నిలబడింది. పాప ఉన్నచోటే నిలబడి, నడుం వంచి, చెయ్యి వీలైనంత సాచి, మోకాలికి తగలకుండా బాణం కొస మాత్రం పట్టుకుని చటుక్కున లాక్కుని, వెనక్కి పరుగెత్తింది.

ఆమె ఇంకొక బాణం ఊడదీసింది. దాన్ని ఒడిలో, సరిగ్గా నడిమధ్యన అంటించుకుని, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని కూర్చుంది.